బోస్టన్‌లో పారబోసింది మన టీ కాదండీ

సంపాదకులు గారికి నమస్కారం.

అమెరికా స్వాతంత్ర్యానికి 250 ఏళ్లు నిండాయని జులై 4న మీరు వేసిన పేజీ గురించి ఈ ఉత్తరం. ఆలస్యమైంది, నిజమే. ఆ రోజు నేను పైపైన తిరగేసి పక్కన పెట్టేశాను. నిన్న మా పక్కింటి అబ్బాయి, గ్రూప్-2కు చదువుతున్నవాడు, ఆ పేజీని కత్తిరించి ఫైల్లో పెట్టుకుని, పసుపు గీతలు గీసుకుని మరీ బట్టీ పడుతుంటే చూశాను. ‘పోటీ పరీక్షలకు ప్రత్యేకం’ అని పైన మీరే అచ్చేశారు కదా. అక్కడ మండింది నాకు.

మొదటి పసుపు గీత ఎక్కడుందనుకున్నారు? బోస్టన్ రేవులో ‘అస్సాం టీ’ పారబోశారన్న చోట. 1773 డిసెంబరు 16 రాత్రి మూడు ఓడల్లోంచి నీళ్లలో పడేసిన 342 పెట్టెల్లో ఉన్నది చైనా తేయాకు. సరుకు ఈస్టిండియా కంపెనీది కాబట్టి ఇండియా టీ అయిపోతుందా? అస్సాంలో తోటలు వేసిందే 1830ల్లో. అరవై ఏళ్ల తర్వాత నాటబోయే మొక్కల ఆకు ముందే కోసి ఎగుమతి చేశారన్నమాట! పైగా ‘టీ ధర పెంచినందుకు’ తిరగబడ్డారట. ఆ ఏడాది బ్రిటన్ తెచ్చిన టీ చట్టంతో టీ ధర తగ్గిందండీ బాబూ. తగ్గినా, పౌనుకు మూడు పెన్నీల సుంకం మాత్రం ఉంచేశారు. ‘మా తరఫున ఒక్క సభ్యుడూ లేని లండన్ పార్లమెంటు మా మీద పన్నెలా వేస్తుంది?’ అన్నదే అమెరికా వలసల వాళ్ల గొడవంతా. చవకని కొంటే ఆ హక్కును ఒప్పుకున్నట్టే అవుతుందని వాళ్ల భయం. దొంగచాటు టీ అమ్ముకునే వర్తకుల కడుపుమంట కూడా కొంత ఉందనుకోండి, అది వేరే కథ.

ఇంతకీ ఈ రగడ మొదలైంది టీతో కాదు, కాగితంతో. 1765 స్టాంపు చట్టం. కోర్టు కాగితాలకు, పేకముక్కలకు, ఆఖరికి వార్తాపత్రికలకు కూడా స్టాంపు పన్ను. అందరికంటే ముందు గొంతెత్తిన వాళ్లలో మీలాంటి పత్రికల వాళ్లు, ప్రెస్సుల వాళ్లు ఉన్నారు. ఏడాది తిరక్కుండా ఆ చట్టాన్ని రద్దు చేయించారు కూడా. మీ పేజీలో దాని మీద ఒక్క ముక్క లేదు. సొంత కులవృత్తి చరిత్ర కూడా గుర్తు లేకపోతే ఎలాగండీ?

1776 నాటి జెండా అని 50 చుక్కల జెండా బొమ్మ వేశారు. అప్పటికి ఉన్నవి 13 వలసలు. చుక్కల జెండాను ఖాయం చేసిందే 1777 జూన్‌లో. స్వాతంత్ర్య ప్రకటన మీద ‘జులై 4న అందరూ సంతకాలు పెట్టారు’ అన్నదీ తప్పే, ఎక్కువ మంది పెట్టింది ఆగస్టు 2న.

ఇక యుద్ధం సంగతి. జులై 4న ప్రకటించారు, వాషింగ్టన్ కత్తి దూశాడు, తెల్లదొరలు పారిపోయారు. మీ కథనం ప్రకారం ఇంతే. మధ్యలో ఎనిమిదేళ్లు ఏమైపోయాయి? లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి యుద్ధం మొదలైంది 1775 ఏప్రిల్‌లో, దాన్ని ముగించిన పారిస్ ఒప్పందం 1783 సెప్టెంబరులో. వాషింగ్టన్ ఓడిన యుద్ధాలు తక్కువేమీ కావు. ఆయన గొప్పంతా సైన్యాన్ని చెదిరిపోనీయకుండా నిలబెట్టుకోవడంలో ఉంది. 1777 అక్టోబరులో సరటోగా దగ్గర ఒక బ్రిటిష్ సైన్యం మొత్తం లొంగిపోయాకే ఫ్రాన్స్‌కు వీళ్ల మీద నమ్మకం కుదిరింది. 1778లో ఒప్పందం, ఆ తర్వాత డబ్బు, సైనికులు, ఓడలు. 1781లో యార్క్‌టౌన్‌లో ఇరుక్కున్న బ్రిటిష్ సేనాని కార్న్‌వాలిస్‌కు సముద్రం వైపు నుంచి సాయం అందకుండా అడ్డం పడింది ఫ్రెంచి నౌకాదళం. మీ పేజీలో ఫ్రాన్స్ అన్న మాటే లేదు!

యార్క్‌టౌన్‌లో బ్రిటిష్ వాళ్ల లొంగుబాటు ముచ్చట ఒకటి చెప్పాలి. కార్న్‌వాలిస్ ఒంట్లో బాగాలేదని రాలేదు, కత్తి అప్పగించమని డిప్యూటీని పంపాడు. ఆ డిప్యూటీ ఫ్రెంచి సేనాని దగ్గరికి వెళితే ఆయన వాషింగ్టన్‌ను చూపించాడు. వాషింగ్టన్ తన డిప్యూటీని చూపించాడు. అచ్చం మన ఆఫీసుల్లో ఫైలు తిరిగినట్టే.

ఈ కార్న్‌వాలిస్ ఆ తర్వాత ఎక్కడ తేలాడో కూడా మీరు రాయలేదు. తెలుగు పత్రిక రాయాల్సిందే అది! అయిదేళ్లు తిరక్కుండా, 1786లో గవర్నర్ జనరల్‌గా మన దేశంలో దిగాడు. 1792లో టిప్పు సుల్తాన్ చేత సగం రాజ్యం రాయించుకున్నాడు. 1793లో బెంగాల్‌లో జమీందార్లు కట్టాల్సిన శిస్తును ఎప్పటికీ ఖాయం చేసే శాశ్వత శిస్తు పద్ధతి పెట్టాడు. 1802 నుంచి దాన్నే మన ఉత్తర సర్కారు జిల్లాలకు తగిలించారు. ఆ సర్కార్లు కంపెనీకి దఖలు పడ్డ మొగలాయి ఫర్మానా కూడా 1765దే, సరిగ్గా స్టాంపు చట్టం వచ్చిన ఏడాది. మా తాతగారు జమీందారు కచేరీ ముందు శిస్తు పట్టుకుని నిలబడ్డారంటే దాని వెనక యార్క్‌టౌన్‌లో ఓడిన ఈ దొరగారున్నారు.

ఇవేమీ రహస్యాలు కావు, ఏ మంచి చరిత్ర పుస్తకంలోనైనా ఉంటాయి. మా ఊరి గ్రంథాలయంలో చూసుకోమందామంటే అక్కడ బీరువా తాళంచెవి ఎవరి దగ్గరుందో అక్కడి వాళ్లకే తెలియదు. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు మాత్రం ఏటా ఠంచనుగా వసూలు చేస్తారు. కొత్త పుస్తకం మొహం చూసి ఎన్నేళ్లయిందో! అడిగితే ‘పైనుంచి రావాలండీ’ అంటారు. బోస్టన్ వాళ్లయితే ఏం చేసేవారో గానీ, మేం మాత్రం రసీదు మడిచి జేబులో పెట్టుకుని వస్తున్నాం. పాఠ్యపుస్తకాలు పోయి గైడ్లు వచ్చాయి, గైడ్లు పోయి బిట్లు వచ్చాయి. ఇప్పుడా బిట్లు కూడా తప్పులే.

పక్కింటి అబ్బాయికి ఇదంతా గంటసేపు చెప్పాను. ఓపిగ్గా విని, ‘కానీ పేపర్లో అలా వచ్చింది కదండీ మాస్టారూ’ అన్నాడు. ముప్పై ఏళ్లు సోషల్ చెప్పినవాడి మాట కంటే మీ అచ్చుకు విలువ ఎక్కువ. కాబట్టి సవరణ మీరే వేయండి. టెండరు ప్రకటనల కింద చీమతలకాయంత అక్షరాల్లో కాదు. అదే పేజీలో, అంతే సైజులో, అబ్బాయి కత్తిరించుకోవడానికి వీలుగా వేయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సోషల్ మాస్టారు,
తూర్పుగోదావరి జిల్లా