తుఫానుకి పాడైన ఈత కొలనుని ఊరే నిలబెట్టుకుంది

ఎడిటర్ గారికి నమస్కారం అండి,

మాది వైజాగ్, పెదవాల్తేరు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో కార్న్‌వాల్ అనే చోట నర్సుగా చేస్తున్నాను, అయినా మీ పేపర్ రోజూ ఫోన్‌లో చదువుతాను. బీచ్‌లో కుర్రాళ్లు కొట్టుకుపోయారు అన్న వార్త కనపడ్డప్పుడల్లా కడుపు తరుక్కుపోతుంది, ఈసారి ఇక రాయకుండా ఉండలేకపోయాను. సముద్రానికి పది నిమిషాల దూరంలో పుట్టి పెరిగి కూడా నాకు ఈత రాలేదు. అమ్మ మోకాళ్ల లోతు దాటి వెళ్లనిచ్చేది కాదు, ఆవిడ తప్పేం లేదు, ఆర్కే బీచ్‌లో కెరటం వెనక్కి తిరిగేటప్పుడు కాళ్ల కింద ఇసుక ఎలా లాగేస్తదో మన ఊరివాళ్లకి చెప్పక్కర్లేదు. చివరికి నలభై దాటాక నేర్చుకున్నాను, ఇక్కడ పెన్‌జాన్స్ ఊళ్లో సరిగ్గా సముద్రం ఒడ్డునే ఉన్న జూబిలీ పూల్‌లో. దాని కథ మనవాళ్లకి తెలియాలనే ఈ ఉత్తరం.

దాన్ని 1935 మే 31న తెరిచారు, రాజు అయిదో జార్జ్ గద్దెనెక్కి పాతికేళ్లయిన సంవత్సరం కాబట్టి ఆ పేరు. డిజైన్ ఆ ఊరి మున్సిపల్ ఇంజినీరుదే, కెప్టెన్ ఫ్రాంక్ లేథమ్ అని. బ్యాటరీ రాక్స్ అనే రాళ్ల దగ్గర జనం ఎప్పట్నించో స్నానాలకి దిగేవాళ్లు, ఆ రాళ్ల మీదే మూడు మూలలుగా కట్టాడు. నీళ్ల మీద వాలే సీగల్‌ని చూసి ఆ ఆకారం తట్టిందని చెబుతారు, బాగుంది కానీ నాకైతే ఆ గోడలే ఇష్టం, చలికాలం కెరటాలు వచ్చి కొట్టినా తట్టుకునేలా వంపులు తిప్పి కట్టాడు. నీళ్లు కూడా సముద్రం నీళ్లే.

ఆ రోజుల్లో బ్రిటన్ తీరం పొడుగునా ఇలాంటివి చాలా కట్టారు, ప్లిమత్‌లో టిన్‌సైడ్ అనేది కూడా 1935దే. తర్వాత జనం విమానమెక్కి ఎండ కోసం స్పెయిన్ పోవడం మొదలెట్టారు, ఒడ్డున ఉన్న కొలనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. టిన్‌సైడ్ 1992లో మూసేస్తే మళ్లీ తెరిచేసరికి 2005 అయింది. జూబిలీ పూల్ కూడా అప్పటికి బాగా పాడైపోతే జాన్ క్లార్క్ అనే రిటైర్డ్ ఆర్కిటెక్ట్ పట్టుబట్టి తిరిగాడు, 1993లో దానికి రక్షిత కట్టడం హోదా వచ్చింది, రిపేర్లు కూడా జరిగాయి.

అసలు దెబ్బ 2014 ఫిబ్రవరిలో తగిలింది. వరస తుఫాన్లకి గోడలు, అడుగు అన్నీ దెబ్బతిన్నాయి. అదే ఏడాది అక్టోబర్ 12న మనకి హుద్‌హుద్. నేను అప్పుడు వైజాగ్‌లోనే ఉన్నాను, తెల్లారి బీచ్ రోడ్డుకి వెళ్లి చూస్తే మా వీధి ఏదో మాకే గుర్తు దొరకలేదు, అందుకే ఇక్కడివాళ్లు ఆ ఫిబ్రవరి గురించి చెప్తుంటే నాకు వేరేగా వివరించక్కర్లేకపోయింది. జూబిలీ పూల్‌ని దాదాపు 30 లక్షల పౌండ్లు పెట్టి బాగుచేసి 2016లో మళ్లీ తెరిచారు. ఆ తర్వాత నడిపే బాధ్యత కౌన్సిల్ నుంచి ఊరి సంఘం తీసుకుంది, వెయ్యి మందికి పైగా తలా కొంత వేసి షేర్లు కొన్నారు. నాకు ఈత నేర్పినావిడ దగ్గర కూడా షేరు ఉంది, ఆవిడ "మా పూల్" అంటే నిజంగానే వాళ్లది.

పక్కనే 410 మీటర్ల లోతు బావి తవ్వారు, భూమి లోపలి వేడిని హీట్ పంపుతో పెంచి కొలనులో ఒక మూలని 35 డిగ్రీల దాకా వెచ్చగా ఉంచుతున్నారు, 2020 నుంచి. నేను నేర్చుకున్నది ఆ మూలలోనే, మిగతా కొలనులో నీళ్లు ఎండాకాలంలో కూడా ఒళ్లు జివ్వుమనిపిస్తాయి.

అన్నీ ఇలా బతకలేదు. శాన్ ఫ్రాన్సిస్కోలో ఫ్లైష్‌హాకర్ పూల్ అని 1925లో కట్టారు, వెయ్యి అడుగుల పొడుగు. 1971లో తుఫానుకి దాని పైపు దెబ్బతింది, ఆ ఏడే మూసేశారు, తర్వాత పూడ్చేశారు. ఇప్పుడు అక్కడ జూ పార్కింగ్ ఉంది.

మన బీచ్ రోడ్డులో స్విమ్మింగ్ పూల్ లేదని నేను అనట్లేదు. నేను అడిగేది నడుం లోతు దాటని, సముద్రం నీళ్లతో నిండే, సామాన్యులు టికెట్ కొనగలిగే నేర్చుకునే కొలను. పెన్‌జాన్స్‌లో పోటుకీ పాటుకీ తేడా 5 మీటర్ల దాకా ఉంటుంది, మనకి అంత ఉండదు కాబట్టి సముద్రం నీళ్లు కొలనులోకి ఎక్కించడానికి పంపు పెట్టాలి, ఖర్చవుతుంది, నాకు తెలుసు. కానీ జాలరిపేట పిల్లలు ఎలాగోలా ఈదేస్తారు, వీకెండ్‌కి ఊళ్ల నుంచి వచ్చే కాలేజీ పిల్లల సంగతేంటి? మా అమ్మలాంటివాళ్లు ఆపేసిన ఆడపిల్లల సంగతేంటి?

మీ విలేఖరులు బీచ్ రోడ్డు పనుల గురించి ఈసారి అధికారుల్ని కలిసినప్పుడు ఈ మాట కూడా అడిగించండి, ఆడవాళ్లకి బట్టలు మార్చుకునే గదులు ఉంటాయా అని కూడా. జూబిలీ పూల్ ఫోటోలు కావాలంటే పంపిస్తాను, నేను తీసినవే.

ఇట్లు,
మీ పాఠకురాలు,
పెదవాల్తేరు (ప్రస్తుతం కార్న్‌వాల్)