టర్బో కిట్ గురించి అమ్మాయికి ఉత్తరం

చిరంజీవి అమ్మాయికి,

నాన్న ఆశీస్సులు. నువ్వు పంపిన టర్బో కిట్ వివరాలు ఆసాంతం చదివాను. ఉన్న కారును అమ్మేసి కంపెనీలోనే టర్బోతో తయారైన కారు కొనుక్కోవాలా, లేక చేతికి బాగా అలవాటైన ఈ కారుకే బయట కిట్ తెచ్చి బిగించుకోవాలా అని అడిగావు. ఫోన్లో రెండు మాటల్లో తేలే విషయం కాదు కనుక తీరిగ్గా రాస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. రోజూ ఆఫీసుకు వెళ్లి రావడానికి నీకున్నది ఈ ఒక్క కారే అయినప్పుడు, కంపెనీ టర్బో కారు కొనుక్కోవడమే మంచిది. ఇంజన్లను పరీక్షించే గదిలో ఉద్యోగ జీవితమంతా గడిపినవాడిగా ఈ మాట అంటున్నాను తప్ప, నీ ఉత్సాహం మీద నీళ్లు చల్లడానికి కాదు.

టర్బో అంటే బోల్టులతో బిగిస్తే సరిపోయే ఒక భాగం అనుకున్నంతసేపే ఈ రెండు దారులూ ఒకటిగా కనిపిస్తాయి. బయటికి పోయే పొగ వేగానికి ఒక చక్రం తిరుగుతుంది; అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని నొక్కి ఇంజన్లోకి పంపుతుంది. ఆ ఇరుసు నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతుంది, చిన్న టర్బోలలో అది రెండు లక్షలు కూడా దాటుతుంది. మామూలు ఇంజన్ పీల్చుకునే గాలి పీడనం సుమారు 1 బార్ కాగా, దానికి 0.5 బార్ బూస్ట్ (టర్బో అదనంగా ఇచ్చే పీడనం) కలిపి, గాలిని మళ్లీ చల్లబరచగలిగితే సిలిండర్లోకి దాదాపు ఒకటిన్నర రెట్ల గాలి వెళుతుంది. అదే లెక్కన పెట్రోలూ పెరగాలి, పుట్టే వేడీ పెరుగుతుంది, పిస్టన్ మీద పడే ఒత్తిడీ పెరుగుతుంది. పైగా నొక్కిన గాలి వేడెక్కుతుంది. బయట 30 డిగ్రీలున్న గాలి ఆ కొద్దిపాటి బూస్ట్‌కే దాదాపు 80 డిగ్రీలకు చేరుతుంది. వేడెక్కిన గాలి పలచబడుతుంది, నాకింగ్‌ను పిలిచి మరీ తెస్తుంది. ఆ గాలిని మళ్లీ చల్లబరిచే ఇంటర్‌కూలర్ అవసరం అక్కడే పుట్టింది.

నాకింగ్ అంటే నీకు తెలిసిన ఆ టకటక శబ్దం ఒక్కటే కాదు. స్పార్క్‌తో మొదలైన మంట సిలిండరంతా పాకేలోపే, ఒక మూలన మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తాళలేక తనంతట తానే ఒక్కసారిగా అంటుకోవడం అది. మా గదిలో పూర్తి లోడు పరీక్ష తరువాత ఇంజన్ ఆపి, స్పార్క్ ప్లగ్ విప్పి, దాని తెల్లటి పింగాణీని భూతద్దం కింద పెట్టి చూసేవాళ్లం. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలూ, వాటి మధ్య మిలమిల మెరిసే సన్నటి రేణువులూ కనిపిస్తే ఆ రోజు పరీక్ష అక్కడితో ఆగిపోయేది. ఆ మెరిసేది పిస్టన్ నుంచి ఊడి వచ్చిన అల్యూమినియం. అప్పటికి ఇంజన్ శబ్దంలో గానీ శక్తిలో గానీ ఏ తేడా తెలియదు. అలాగే నడిపిస్తే రింగుల మధ్య గట్లు విరుగుతాయి, ఆ తరువాత పిస్టన్ తలకు చిల్లు పడటానికి ఎంతోసేపు పట్టదు.

దీనిని తట్టుకోవడానికి కంపెనీ ఇంజనీర్లు ఇంజన్‌ను మొదటి గీత నుంచే వేరుగా గీస్తారు. పాత తరం టర్బో ఇంజన్లలో కంప్రెషన్ నిష్పత్తిని, అంటే పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందో ఆ లెక్కను, 8కి 1 దరిదాపులకు దించేవారు; ఇప్పుడు పెట్రోలును నేరుగా సిలిండర్లోకే చిమ్మే పద్ధతి వచ్చాక, అది ఆవిరవుతూ లోపలి గాలిని చల్లబరుస్తుంది కనుక 10 దాకా, కొన్నింటిలో అంతకు మించి కూడా ఉంచగలుగుతున్నారు. నీ కారు ఇంజన్‌ది 10.5, అదీ పెట్రోలును మానిఫోల్డ్‌లో, అంటే సిలిండర్లకు గాలిని చేర్చే గొట్టాల్లో, చిమ్మే పాత పద్ధతిది. చాలా టర్బో ఇంజన్లలో పిస్టన్ అడుగు భాగం మీదికి ఆయిల్ చిమ్మి చల్లబరిచే జెట్లు ఉంటాయి, కొన్నింటిలో ఎగ్జాస్ట్ వాల్వుల కాడలు బోలుగా ఉండి, వేడిని త్వరగా లాగేందుకు లోపల సోడియం నింపి ఉంటుంది. కనెక్టింగ్ రాడ్లు, బేరింగులు, హెడ్ గ్యాస్కెట్, ఆయిల్ పంపు, రేడియేటర్, క్లచ్, గేర్‌బాక్స్ అన్నీ ఆ పెరిగిన బరువును లెక్కలోకి తీసుకునే తయారవుతాయి. బానెట్ ఎత్తితే కనిపించేది టర్బో మాత్రమే. నువ్వు డబ్బు పెట్టేది కనిపించని ఈ మిగతావాటికి. ఆపైన ఆ ఇంజన్‌ను పూర్తి లోడు మీద వందల గంటలు నడిపి, గడ్డకట్టే చలిలోనూ మండే ఎండలోనూ తిప్పి, ఎత్తైన కొండల మీదికి తీసుకెళ్లి చూస్తారు. ఎంత మంచి వర్క్‌షాపైనా ఒక్క కారు కోసం ఆ పని చేయలేదు.

కంపెనీలకు కూడా ఇది ఒక్క రోజులో పట్టుబడలేదు. టర్బో ఆలోచనకు స్విస్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే పేటెంట్ తీసుకున్నా, మామూలు కొనుగోలుదారులకు టర్బో కార్లు దొరికింది 1962లో, అమెరికాలో. వాటిలో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కథ నీకు ఉపయోగపడుతుంది. అప్పటికే ఉన్న 3.5 లీటర్ల వీ8 ఇంజన్‌కు టర్బో బిగించి, కంప్రెషన్ నిష్పత్తిని మాత్రం 10.25 దగ్గరే ఉంచారు. నాకింగ్‌ను ఆపడానికి నీళ్లూ మిథనాలూ కలిపిన ద్రవాన్ని ఇంజన్లోకి చిమ్మే ఏర్పాటు చేశారు. ఆ ద్రవం ట్యాంకును ఎప్పటికప్పుడు నింపడం చాలామంది యజమానులు మరిచిపోయేవారు. నిండుకుంటే బూస్ట్ తగ్గిపోయే ఏర్పాటు ఉన్నా ఫిర్యాదులు ఆగలేదు. చివరికి కంపెనీయే చాలా కార్లకు టర్బో విప్పించి మామూలు కార్బురేటర్ పెట్టించింది, రెండేళ్లలోనే ఆ మోడల్ ఆగిపోయింది. అంత పెద్ద సంస్థ చేతిలో కూడా, ఎక్కువ కంప్రెషన్ ఉన్న ఇంజన్‌కు తరువాత తగిలించిన టర్బో అలా తయారైంది. 1970ల చివర్లో సాబ్ 99 టర్బో వచ్చి, చిన్న టర్బోతో, బూస్ట్ హద్దు మీరకుండా కొంత పొగను పక్కకు మళ్లించే వేస్ట్‌గేట్ అదుపుతో, రోజువారీ వాడకానికి పనికొచ్చే విధంగా దానిని మలిచింది. నాకింగ్‌ను వినే సెన్సర్లు, వాటిని బట్టి బూస్ట్‌ను తగ్గించే కంప్యూటర్లు ఆ తరువాతి దశాబ్దంలో బాగా వాడుకలోకి వచ్చాయి.

ఇక నువ్వు పంపిన కిట్ సంగతి. అందులో టర్బో, దానిని బిగించే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్, ఇంటర్‌కూలర్, గొట్టాలు, వేస్ట్‌గేట్ ఉన్నాయి. పెద్ద ఇంజెక్టర్లు లేవు, ఫ్యూయల్ పంపు లేదు, క్లచ్ లేదు. నీ కారులోని మానిఫోల్డ్ పీడనం సెన్సర్ సుమారు 1 బార్ వరకే చదవగలదు. బూస్ట్ మొదలైన క్షణం నుంచీ ఈసీయూకు (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్‌కు) అది ఎంతుందో తెలియదు. కాబట్టి సెన్సర్ మార్చాలి, ఈసీయూలో లెక్కలు మార్చి రాయించాలి, ఆ రాసేవాడికి నిజంగా పని వచ్చి ఉండాలి. పూర్తి లోడు మీద పెట్రోలు ఎంత చిక్కగా పోవాలి, స్పార్క్‌ను ఎన్ని డిగ్రీలు వెనక్కి జరపాలి అన్నవి డైనో (కారును నిలబెట్టి శక్తిని కొలిచే యంత్రం) మీద మెల్లమెల్లగా, ఒక్కో బూస్ట్ స్థాయి దగ్గర సరిచూసుకుంటూ నిర్ణయించాల్సినవి. ఇంకొకరి కారు కోసం రాసిన ఫైలు తెచ్చి ఎక్కించుకుంటే నీ ఇంజన్ ఆయుష్షు వాళ్ల లెక్కల మీద ఆధారపడుతుంది.

కిట్లలో నేను ముందుగా చూసేది టర్బో నుంచి ఆయిల్ వెనక్కి దిగే గొట్టాన్ని. లోపలికి వెళ్లే ఆయిల్ సన్నటి గొట్టంలో ఒత్తిడితో వస్తుంది; బయటికి వచ్చేటప్పుడు నురగతో నిండి, తన బరువుతో మాత్రమే కిందికి జారాలి. అందుకే ఆ గొట్టం లావుగా ఉండాలి, ఎక్కడా పైకి వంపు తిరగకూడదు, సంప్‌లో, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిలో, ఆయిల్ మట్టానికి పైన కలవాలి. చాలాసార్లు సంప్‌కు చిల్లు వేసి వెల్డింగ్ చేయాల్సి వస్తుంది. ఆ గొట్టం కొద్దిగా వంకరపోయినా ఆయిల్ టర్బోలోనే నిలిచిపోయి సీళ్లను దాటి బయటికి వస్తుంది, సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తుంది, పాపం కొత్త టర్బో మీద నింద పడుతుంది.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఇది. ఏ ఇంజన్‌ను తయారు చేసినా ప్రతి భాగంలో అవసరానికి మించి కొంత బలం మిగిల్చి పెడతారు. కల్తీ పెట్రోలు పడిన రోజు కోసం, నిండా మనుషులతో ఎండలో ఘాట్ ఎక్కే రోజు కోసం, ఆలస్యమైన ఆయిల్ మార్పు కోసం, వయసు పైబడ్డ ఇంజన్ కోసం ఉంచిన మిగులు అది. కిట్ బిగించినప్పుడు పెరిగే హార్స్‌పవర్ అంతా ఆ మిగులులో నుంచే వస్తుంది. తక్కువ ఆర్‌పీఎంలోనే టార్క్ (తిప్పే బలం) ఒక్కసారిగా ఎగసేలా ట్యూన్ చేయించుకునేవారు ఎక్కువ, నడపడానికి అదే హాయిగా ఉంటుంది కనుక. కానీ కనెక్టింగ్ రాడ్లు వంగిపోయేదీ ఆ సమయంలోనే. తక్కువ బూస్ట్‌తో జాగ్రత్తగా బిగించిన కార్లు ఏళ్ల తరబడి చక్కగా నడవడం నేనూ చూశాను. అయితే అవి నడిచింది ఆ మిగులులో ఇంకా కాస్త మిగలబట్టే.

వారంటీ, ఇన్సూరెన్స్, కాలుష్య నిబంధనల గురించి ఎక్కువ చెప్పను. కిట్ వల్ల ఇంజన్ చెడితే వారంటీ మీద ఆశ పెట్టుకోలేవు. ఇన్సూరెన్స్ వారికి చెప్పకుండా మార్పులు చేస్తే ప్రమాదం జరిగిన రోజున వారు చేతులెత్తేసే వీలుంది. మార్పులు చేసిన కారును రోడ్డు మీద నడపడానికి అనుమతి ఉందో లేదో ముందే కనుక్కోవాలి. కిట్ పెట్టిన కారును అమ్మబోతే పెట్టిన ఖర్చు తిరిగి రాదు, కొనేవారే వెనకాడతారు.

కంపెనీ టర్బో కారుకు కూడా తన నియమాలు ఉన్నాయి, వాటిని నువ్వు పాటించాలి. పెట్రోలును నేరుగా సిలిండర్లోకి చిమ్మే (డైరెక్ట్ ఇంజెక్షన్) చిన్న టర్బో ఇంజన్లలో తక్కువ వేగంలో పై గేరు వేసి యాక్సిలరేటర్ బలంగా తొక్కితే స్పార్క్ కంటే ముందే మంట అంటుకునే ప్రమాదం ఉంటుంది; దీని కోసమే 2018లో ఎస్ఎన్ ప్లస్, 2020లో ఎస్‌పీ అనే ఆయిల్ ప్రమాణాలు వచ్చాయి. మాన్యువల్‌లో రాసిన గ్రేడు తప్ప వేరే ఆయిల్ పోయించకు, మార్చే గడువు దాటనివ్వకు. వేగంగా చాలా దూరం నడిపి వచ్చాక ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచి ఆపు, లేకపోతే టర్బో బేరింగుల దగ్గర నిలిచిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో ఇన్‌టేక్ వాల్వుల మీద పెట్రోలు పడదు కనుక మసి పేరుకుంటుంది, కొన్నేళ్లకు ఒకసారి శుభ్రం చేయించాల్సి రావచ్చు.

నీ చేతులతో ఒక టర్బో బిగించాలన్న కోరిక నాకు చాలా నచ్చింది. దానిని వదులుకోమని అనను. కొంతకాలం తరువాత ఒక పాత కారు విడిగా తీసుకో, చెడినా మరునాడు నువ్వు ఆఫీసుకు వెళ్లగలిగేలా. ముందు కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్ (సిలిండర్లలో పీడనం ఎంత నిలుస్తుందో చూసే పరీక్షలు) చేసి సిలిండర్లన్నీ సమానంగా ఉన్నాయని తేల్చుకుందాం, ఇంధనం, ఆయిల్, చల్లబరిచే వ్యవస్థలను సిద్ధం చేశాకే టర్బో జోలికి వెళదాం, 0.4 బార్‌తో మొదలుపెట్టి, గాలి ఇంధన నిష్పత్తిని చూపే గేజీ లేకుండా ఒక్కసారి కూడా పూర్తిగా తొక్కకుండా నేర్చుకుందాం. ఆ పనికి నేను వచ్చి నీ పక్కన నిలబడతాను.

ఈలోగా చూడబోయే వాడిన టర్బో కారు దగ్గరికి ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే వెళ్లు, నువ్వు వచ్చేలోపు స్టార్ట్ చేసి ఉంచవద్దని ముందే చెప్పు. మొదటి స్టార్ట్‌లో నీలం పొగ వస్తుందేమో చూడు. టర్బోకు గాలి వచ్చే గొట్టం విప్పించి చక్రాన్ని వేలితో కదిలించు. పక్కకు కొద్దిపాటి కదలిక మామూలే, ముందుకూ వెనక్కూ కదిలితే మాత్రం ఆ కారు వద్దు. ఈసీయూలో మార్పులు చేయించారా అని సూటిగా అడుగు. ఆయిల్ మార్చిన తేదీలు, కిలోమీటర్లు ఉన్న సర్వీసు కాగితాలన్నీ ఫొటో తీసి నాకు పంపు, నేను చూసి చెప్పేవరకు అడ్వాన్సు ఇవ్వకు.

ఆశీస్సులతో,
నాన్న