బిల్లు కోసం కడుపు మాడ్చుకోవట్లేదు

లెస్టర్, ఇంగ్లండ్,
జనవరి

అమ్మా,

నువ్వూ బాపూ బాగున్నారనుకుంటున్నా. ఫోన్లో చెప్తే సగంలోనే కోప్పడతావని ఉత్తరం రాస్తున్నా. ఇక్కడ కరెంటు, గ్యాసు ధరలకు భయపడి పిల్లలు పొయ్యి ముట్టించకుండా బ్రెడ్డు తిని పడుకుంటున్నారని చిన్నమ్మ చెప్పిందట కదా. ధరల సంగతి నిజమే. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక ఆకాశానికి ఎక్కినవి కొంత దిగాయి గానీ పాత రేటుకైతే రాలేదు. బ్రెడ్డు సంగతి మాత్రం నా విషయంలో శుద్ధ అబద్ధం.

ఇక్కడ సిలిండర్ ఉండదు. గ్యాస్ పైపులో వస్తుంది, దాన్నీ కరెంటులాగే యూనిట్లలో లెక్క కడతారు. గ్యాస్ యూనిట్ 6 పెన్నీల చుట్టుపక్కల ఉంది, కరెంటు యూనిట్ 25 పెన్నీల చుట్టుపక్కల. వంద పెన్నీలు ఒక పౌండు. కుక్కర్లో పప్పు పెడితే రెండు మూడు పెన్నీల గ్యాస్ కాలుతుంది, అంతే. అదే బయటి నుంచి ఒక కూర, ఒక నాన్ తెచ్చుకుంటే పది పౌండ్లు వదులుతాయి. మరి వంట మానేస్తే మిగిలేదేముంది? బిల్లు నడ్డి విరిచేది పొయ్యి కాదమ్మా, ఈ చలికి ఇల్లు వెచ్చబెట్టుకునే హీటింగ్. పైగా మనం స్విచ్ ముట్టకపోయినా రోజువారీ చార్జీ ఒకటి పడుతుంది, గ్యాసుకూ కరెంటుకూ కలిపి 80 పెన్నీల పైనే. మన తెలంగాణలో తెల్ల రేషన్ కార్డు ఉన్నవాళ్లు 200 యూనిట్ల లోపు వాడితే జీరో బిల్లు కదా, ఆ సంగతి చెప్తే ఇక్కడివాళ్లు నమ్మరు.

అట్లని దుబారా చేయట్లేదు. కరెంటు ఓవెన్ జోలికే పోను. మా రూమ్మేట్ రెండు పిజ్జా ముక్కలు వేడి చేసుకోవడానికి ఆ పెద్ద డబ్బా అంతా కాలబెడతాడు. పెనం మీద మూత పెడితే అవే ముక్కలు ఐదు నిమిషాల్లో వేడెక్కుతాయి, అడుగు కరకరలాడుతుంది కూడా. ఎన్నిసార్లు చెప్పినా వినడు. శనగలు రాత్రే నానబోస్తా. కుక్కర్లో కింద పప్పు, పైగిన్నెలో అన్నం. ఒక్క మంటకు రెండూ అయిపోతాయి.

నీకొక మాట చెప్తా, తిట్టకు. నువ్వు మంట పెద్దగా పెట్టి ఐదు విజిళ్లు లెక్కబెడతావు చూడు, అది వద్దు. ప్రెషర్ నిండాక కుక్కర్ లోపల వేడి 120 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఆ తర్వాత ఎంత మంట పెట్టినా పప్పు తొందరగా ఉడకదు, ఆవిరి బయటికి పోతుంది, అంతే. మొదటి విజిల్ రాగానే సిమ్‌లో పెట్టు. దించాక కూడా ప్రెషర్ దానంతట అది పోయేదాకా మూత తియ్యకు, ఆ వేడికి ఇంకొంచెం ఉడుకుతుంది. సిలిండర్ ఇంకొన్ని రోజులు ఎక్కువ రాకపోతే నన్నడుగు.

ఇంక పచ్చిపులుసు ఉండగా చారుకు పొయ్యి ఎందుకు? చింతపండు పిసికి, ఉల్లిగడ్డ, జీలకర్ర, కొత్తిమీర, కొంచెం నువ్వుల పొడి వేసుకుంటా. పచ్చిమిరపకాయలు కూడా వేరే మంట మీద కాల్చను, అన్నం కుక్కర్ దించిన పొయ్యి మీదనే రెండు తిప్పులు తిప్పి ఆపేస్తా. వేడి అన్నంలో అది, పక్కన ఆమ్లెట్. ఇంతకంటే ఏం కావాలి?

సర్వపిండి దగ్గర మాత్రం పొదుపు మాట ఎత్తను. సన్నమంట మీద నిదానంగా కాలాలి, లేకపోతే అడుగు మాడి పైన పచ్చిగా ఉంటుంది. కానీ ఒకటి మార్చాను. మనం ఒకటి కాలాక గిన్నె మీద నీళ్లు గుమ్మరించి చల్లార్చి మళ్లీ పిండి ఒత్తుతాం కదా, అంటే ఎక్కిన వేడంతా మోరీ పాలు. ఇప్పుడు పిండిని తడిగుడ్డ మీద ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, వేడి గిన్నెలోనే బోర్లేస్తున్నా. బొక్కల్లో నూనె చుక్కలు పడగానే చుయ్యిమంటాయి, శనగపప్పు ఎర్రబడుతుంది. గుడ్డ మరీ తడిగా ఉంటే పిండి విరుగుతుంది, బాగా పిండాలి. అంచు మాత్రం నీ అంత పల్చగా రావట్లేదు.

చిన్నమ్మ కొడుకు వచ్చే నెల వస్తున్నాడు కదా, వాడితో ఒక కిలో చపాటా మిర్చి కారం పంపు. రంగు బాగుంటుంది, మంట తక్కువ, రూమ్మేట్ కూడా తింటాడు. నువ్వులు ఇక్కడే దొరుకుతాయి, వద్దు. బాపుకు చెప్పి చౌరస్తా దగ్గర గిన్నెల దుకాణంలో 5 లీటర్ల కుక్కర్ రబ్బర్లు రెండు కొనిపించు, ఇక్కడివి మన మూతకు పట్టట్లేదు. మూత ఫొటో బాపు ఫోనుకు పంపాను, అది చూపిస్తే వాళ్లే ఇస్తారు.

నీ
చిన్నోడు