రెండో ఆదివారం క్లినిక్ ఎందుకు మూస్తున్నానంటే

పాలమూరు, జడ్చర్ల, దేవరకద్ర వైపు నుంచి వచ్చే నా పేషెంట్లందరికీ నమస్తే. మూడు నెలలుగా ప్రతి రెండో ఆదివారం మన క్లినిక్‌కు తాళం ఉంటోంది. "డాక్టర్ సాబ్ హైదరాబాద్‌ల ప్లాట్లు కొంటున్నడంట" అని కింద చాయ్ దుకాణంలో అనుకుంటున్నారని కాంపౌండర్ చెప్పాడు. అంత లేదు, క్లాసులకు పోతున్నా. షుగర్, బీపీ, గుండె, కిడ్నీ జబ్బులను చూసే మాలాంటి ఎంబీబీఎస్ డాక్టర్ల కోసం పెట్టినవి. ఐదేళ్లలో 30 గంటలైనా ఇట్లా చదువుకోవాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది, నిజం చెప్పాలంటే నా గంటలన్నీ మందుల కంపెనీల బిర్యానీ మీటింగుల్లోనే గడిచాయి. ఈసారి ఫీజు నేనే కట్టుకున్నా.

మొదటి రోజే సిగ్గేసింది. ఇరవై ఏళ్ల ప్రాక్టీసు తర్వాత నాకు బీపీ చూడటం నేర్పించారు! మన క్లినిక్ పై అంతస్తులో కదా, మీరు మెట్లెక్కి ఆయాసంతో వచ్చి కూర్చోగానే చొక్కా మీదనే పట్టీ చుట్టి, "కొడుకు ఫోన్ చేస్తున్నడా, వానలు పడ్డయా" అని మాట్లాడిస్తూ చూసేవాణ్ని. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టి, చెయ్యి గుండె ఎత్తులో ఆనించి, మాట్లాడించకుండా రెండుసార్లు చూడాలి, అరగంట ముందు నుంచి చాయ్, బీడీ ఉండకూడదు. అట్లా చూస్తే ఒకమ్మకు పై బీపీ 156 ఉండేది 134 వచ్చింది. వారం రోజులు ఇంట్లో చూసుకున్నా అంతే. నేను రాసిన రెండో గోలీ నేనే తీసేశాను.

షుగర్ వాళ్ల కాళ్ల సంగతి ఇంకా ఘోరం, చెప్పులు విప్పించకుండానే చిట్టీ రాసి పంపేవాణ్ని. ఇప్పుడు నైలాన్ పోగుతో అరికాలు తాకి చూస్తున్నా. మొన్న ఒక రైతు కళ్లు మూసుకుని "ఇంకా పెట్టలేదా సార్" అన్నాడు, అప్పటికే నాలుగు చోట్ల తాకించాను. మడమలో తుమ్మముల్లు విరిగి చుట్టూ నల్లబడి ఉంది, ఎప్పుడు గుచ్చుకుందో ఆయనకే తెలియదు.

మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష ఏడాదికోసారి రాస్తున్నా. కిడ్నీ కోసం రక్తంలో చూసే క్రియాటినిన్ బాగుందిగా అంటారు, నేనూ అట్లే అనుకునేవాణ్ని, కానీ చాలామందిలో కిడ్నీ దెబ్బ ముందు మూత్రంలోనే బయటపడుతుంది. (ల్యాబు నుంచి నాకు కమిషన్ లేదు.) కొందరికి డాపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ గోలీ మొదలుపెట్టాను, 2020లో పేటెంట్ అయిపోయాక ధర బాగా దిగింది, గుండెకూ కిడ్నీకీ పనికొస్తుంది. వాంతులు, విరేచనాలు పట్టుకుని తిండి పోకపోతే మాత్రం ఆ గోలీ ఆపి వెంటనే ఫోన్ చేయండి.

ఇదంతా చేస్తే ఒక్కొక్కరికి పన్నెండు నిమిషాలైనా పడుతోంది, కాబట్టి రోజుకు 60 టోకెన్లు ఇక 35 అవుతాయి. కొందరికి కోపం వస్తుందని తెలుసు. ఫీజు దసరా దాకా పెంచను, ఆ తర్వాత సంగతి మాట ఇవ్వలేను. వచ్చేటప్పుడు వేసుకుంటున్న గోలీల స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని రండి, ఊళ్లో ఆర్ఎంపీ ఇచ్చినవీ, పక్కింటాయన చెప్పాడని కొన్నవీ. తిట్టను.