టీబీ మాత్రలకు ముందు ఒక మూత్ర పరీక్ష

సంపాదకుడు గారికి,

పాతికేళ్ల అమ్మాయి. గాలి పీలిస్తే పక్కలో పోటు, సన్న జ్వరం. ఎక్స్‌రేలో ఊపిరితిత్తి చుట్టూ నీరు. మన దగ్గర వెంటనే టీబీ అనుకుని ఆరు నెలల మందులు మొదలెడతారు. అనుమానం సబబే, అక్కడితో ఆగిపోవడమే తప్పు. లూపస్ అంటే రోగనిరోధక శక్తి సొంత శరీరంపైనే దాడి చేసే జబ్బు. అది ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఊపిరితిత్తి పొర వాస్తుంది, చాలామందిలో ఇలాగే నీరు చేరుతుంది. టీబీ నీరు సాధారణంగా ఒకవైపే ఉంటుంది, లూపస్‌ది తరచు రెండువైపులా. తీసిన నీటిలో ఏడీఏ (టీబీలో పెరిగే ఎంజైమ్) పెరిగిందని టీబీ అని తేల్చేయలేం, లూపస్‌లోనూ అప్పుడప్పుడు పెరుగుతుంది. సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువును వెతికే పరీక్ష) నెగెటివ్ వస్తే టీబీ లేదనీ చెప్పలేం. అందుకే కీళ్లనొప్పులు, నోటిపూత, ఎండకు ముఖం ఎర్రబడటం ఉన్నాయా అని అడగాలి. మూత్రంలో ఆల్బుమిన్ (లూపస్ కిడ్నీని దెబ్బతీస్తే కారే ప్రొటీన్), రక్తంలో ప్లేట్‌లెట్లు, ఏఎన్ఏ (లూపస్ అనుమానానికి చేసే యాంటీబాడీ పరీక్ష) చూడాలి. ఆల్బుమిన్‌కు చిన్న పట్టీ ఒకటి ముంచితే చాలు, నిమిషం పని.

లూపస్‌కు ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడుతున్నవాళ్లకు నిజంగానే టీబీ వస్తే మరో చిక్కు. టీబీ మందుల్లో ఒకటైన రిఫాంపిసిన్ వల్ల కాలేయం ఆ స్టెరాయిడ్‌ను త్వరగా విరిచేస్తుంది. వేసుకునే మాత్ర అదే, పనితనం సగానికి పడిపోవచ్చు. డోసు సరిచేయకపోతే లూపస్ తిరగబెడుతుంది, దాన్ని టీబీ ముదిరిందనుకుంటారు.

లూపస్‌లో అన్నిటికన్నా భయపడాల్సింది ఊపిరితిత్తుల లోపలి రక్తస్రావం. అరుదే, కానీ ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికి తెస్తుంది. కళ్లెలో రక్తం కనిపించే దాకా ఆగొద్దు, చాలామందికి అసలు పడదు. మొన్న 10 ఉన్న హిమోగ్లోబిన్ ఇవాళ 7.5కి దిగి, ఆయాసం పెరిగి, ఎక్స్‌రేలో రెండువైపులా తెల్లటి మరకలు వస్తే నెమ్ము అని యాంటీబయాటిక్ ఒక్కటే పెట్టి చూస్తూ కూర్చోకూడదు. బ్రాంకోస్కోపీలో (ఊపిరితిత్తిలోకి సన్నని గొట్టం పంపి చూసే పరీక్ష) సెలైన్ పోసి లాగేకొద్దీ ఎర్రదనం పెరుగుతుంటే రక్తస్రావమే. ఇన్‌ఫెక్షన్‌కు మందులిస్తూనే మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకు 500 నుంచి 1000 మిల్లీగ్రాములు మూడు రోజులు నరానికి ఎక్కిస్తారు, ఆపై చాలామందికి రోగనిరోధక శక్తిని అణచే సైక్లోఫాస్ఫమైడ్ కూడా ఇస్తారు. వెంటిలేటర్ లేనిచోట ఇది తేలే పని కాదు.

ఆరోగ్యశాఖను అడిగేది పెద్దదేం కాదు. జిల్లా ఆసుపత్రుల్లో ఏఎన్ఏ ఉచితంగా, త్వరగా చేయాలి. అక్కడి డాక్టరుకు రుమటాలజిస్టు (లూపస్, కీళ్లవాతం వంటి జబ్బుల నిపుణుడు) ఫోన్లో దొరకాలి. ఛాతీలో నీరున్న యువతులకు టీబీ మందులు రాసే కాగితంలో మూత్ర పరీక్షకు ఒక గడి పెట్టాలి.

లూపస్ ఉన్నవాళ్లు పాత రక్తపరీక్ష రిపోర్టును ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి. అది లేకపోతే, 7.5 చూసిన డ్యూటీ డాక్టరుకు అది ఏళ్లనాటి రక్తహీనతో, రాత్రి మొదలైన రక్తస్రావమో తెలిసే దారి లేదు.

— ఒక ఛాతీ వైద్యుడు, వరంగల్