పుట్టపాకలో మగ్గం ఆపి మాకు పని చూపించిన కుటుంబానికి కృతజ్ఞతలు

ముక్కూమొహం తెలియని మమ్మల్ని ఇంట్లోకి పిలిచి, అన్నం పెట్టి, పని మొత్తం చూపించిన అన్నకు, వదినకు, పెద్దమ్మకు మా అక్కాచెల్లెళ్ల దండాలు. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

మా చెల్లె మహబూబ్‌నగర్‌లో బాతిక్ చేస్తుంది. నల్లగొండ నుంచి హైదరాబాద్ పోతూ, తేలియా రుమాల్ (నూనె పట్టించిన నూలుతో నేసే రుమాలు) నేసే ఇల్లు ఒక్కటైనా చూడాలని చౌటుప్పల్ దగ్గర హైవే దిగాం. పుట్టపాకలో దారి అడిగితే ఆ అన్నే లోపలికి రమ్మన్నాడు.

బాతిక్‌లో కరిగించిన మైనంతో బట్ట మీద బొమ్మ గీస్తారు. మైనం ఉన్నచోట రంగు ఎక్కదు. చెల్లె ఈ మాట చెప్పగానే పెద్దమ్మ, "మీరు బట్టకు ఆపుతరు, మేం నూలుకే ఆపుతం" అంది. ఆ తర్వాత ఇద్దరూ ఒక ఇంటివాళ్లలా మాట్లాడుకున్నారు. చిటికి పనిలో, అంటే ఇక్కత్ నేతలో, నేయకముందే నూలును రబ్బరు ముక్కలతో బిగించి కడతారు. ఒక రంగు వేసి, ఆరాక విప్పి, మళ్లీ కట్టి ఇంకో రంగు వేస్తారు. తేలియాకు పడుగూ (నిలువు పోగులు) పేకా (అడ్డం పోగులు) రెండూ ఇలాగే కట్టాలి. ఆ రెండూ మగ్గం మీద సరిగ్గా కలిస్తేనే బొమ్మ తేలుతుంది. పేక వేసిన ప్రతిసారీ వదిన ఆగి, పోగును వేలితో జరిపి సర్దుతుంటే మాకు ఊపిరి ఆడలేదు.

చెల్లెకు అసలు కావాల్సింది ఎరుపు రంగు సంగతి. ఆముదం కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో నూనె కలిపి, నూలును రోజుల తరబడి నానబెడతారట. ఎరుపు అంత గట్టిగా నిలిచేది అందుకే. తరాల నుంచి వస్తున్న ఈ పనిని అన్న ఏదీ దాచకుండా చెప్పాడు. 2020లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది ఈ పుట్టపాక తేలియా రుమాల్‌కే.

ఆసు పోయడానికి, అంటే కట్టేముందు నూలును కొయ్యల చుట్టూ చుట్టడానికి, చేతిని వేలసార్లు అటూ ఇటూ తిప్పాలి. పెద్దమ్మ భుజం నొప్పి ఇప్పటికీ పోలేదు. ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం గారు తన తల్లి బాధ చూడలేక చేసిన ఆసు యంత్రం విలువ నాకు ఆ ఇంట్లోనే అర్థమైంది.

మగ్గం ఆగితే ఆ పూట కూలి ఆగినట్టే. అయినా మేమిచ్చిన డబ్బులు ముట్టలేదు. "కొనేటప్పుడు చూసి కొనుండ్రి, అదే చాలు" అన్నారు. అందుకే చెప్తున్నా: ఇక్కత్ పేరుతో ప్రింట్ బట్టలు చాలా అమ్ముతున్నారు. బట్ట తిప్పి చూడండి. నేసినదైతే రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది, బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్టు ఉంటాయి.

అన్నా, మేము చెప్పివచ్చిన రుమాలుకు తొందరేమీ లేదు. ముందు ఒప్పుకున్న పనులు చేసుకోండి. మీరు చెప్పిన ధరే ఇస్తాం, బేరం ఉండదు.