అల్ట్రాసౌండ్ యంత్రానికి టెండరు పిలిచే ముందు

సంపాదకులకు నమస్కారం.

ఆస్పత్రి మురుగులో కలిసే యాంటీబయాటిక్‌లను అల్ట్రాసౌండ్‌తో, ఆక్సీకరణ రసాయనాలతో విరగ్గొట్టొచ్చన్న మాట ఈ మధ్య బాగా వినబడుతోంది. వరంగల్, హన్మకొండ, కరీంనగర్ ఆస్పత్రుల ఈటీపీల్లో (మురుగు శుద్ధి కేంద్రాల్లో) యంత్రం పెడితే చాలని కొందరు, ఏకంగా చెరువుల్లోనే దింపాలని కొందరు అంటున్నారు. పద్ధతి నిజమే, పనిచేస్తుంది కూడా. కానీ కొద్దిపాటి చిక్కటి నీటికి పనికొచ్చేదాన్ని మొత్తం మురుగుకు తగిలిస్తే మిగిలేది కరెంటు బిల్లే. ఆ లెక్క పాఠకుల ముందు, ముఖ్యంగా టెండర్లు రాసేవాళ్ల ముందు పెట్టాలని ఈ ఉత్తరం.

సమస్య చిన్నదేమీ కాదు. సిప్రోఫ్లోక్సాసిన్ బిళ్ల మింగితే 40 నుంచి 50 శాతం మందు మారకుండానే మూత్రంలో బయటికొస్తుంది. నీటిలో ఈ మందు లీటరుకు 0.06 మైక్రోగ్రాములు మించకూడదని మందుల కంపెనీల అంతర్జాతీయ కూటమే హద్దు పెట్టుకుంది. అది దాటితే మందుకు లొంగని బ్యాక్టీరియా పెరిగే ప్రమాదం ఉంది. ఆ లెక్కన 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి సింకులో పడితే, దాన్ని ఆ హద్దుకు పలచన చేయడానికి 83 లక్షల లీటర్ల నీరు కావాలి. పటాన్‌చెరు ఫార్మా మురుగు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో ఇదే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని 2007లో వచ్చిన పరిశోధన తేల్చింది. అంటే హద్దుకు ఐదు లక్షల రెట్లు. మన ఆస్పత్రుల మురుగు అంత చిక్కగా ఉండదు. లెక్కంతా తారుమారయ్యేది అక్కడే.

నీటిలోకి 20 కిలోహెర్ట్జ్ దాటిన ధ్వని పంపితే కంటికి ఆనని బుడగలు పుట్టి, పెరిగి, ఒక్కసారిగా కూలిపోతాయి. కూలే క్షణంలో లోపలి వేడి 5,000 కెల్విన్ దాకా పోయి, నీటి అణువే చీలి, తాకినదాన్ని ఆక్సీకరించే హైడ్రాక్సిల్ రాడికల్ అనే చురుకైన ముక్క పుడుతుంది. మందును విరగ్గొట్టేది ప్రధానంగా ఇదే. యాంటీబయాటిక్‌లు ఆవిరయ్యే రకం కావు కాబట్టి బుడగలోకి పోవు. అంచు దాటి బయటికొచ్చిన రాడికలే వాటిని అందుకోవాలి. రాడికల్స్ బాగా పుట్టేది 200 నుంచి 600 కిలోహెర్ట్జ్ మధ్య. బజారులో తేలిగ్గా దొరికేవేమో 20 కిలోహెర్ట్జ్ ప్రోబ్‌లు, 40 కిలోహెర్ట్జ్ క్లీనింగ్ తొట్లు. ఇవి నీటిని కలియబెట్టడానికి బాగుంటాయి, రాడికల్స్‌కు అంతంత మాత్రం. అందుకే హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) తోడుచేసి ఫెంటన్ చర్యగానో (ఇనుము పెరాక్సైడ్‌ను చీల్చి రాడికల్స్ పుట్టిస్తుంది), సోడియం పర్‌సల్ఫేట్‌తోనో జతచేస్తారు.

మన దగ్గర బోరు నీళ్లు వాడే ఆస్పత్రులకు ఇంకో చిక్కుంది: క్షారత, అంటే ప్రధానంగా నీటిలో కరిగిన బైకార్బొనేట్. కాల్షియం కార్బొనేట్ లెక్కన లీటరుకు 400 మిల్లీగ్రాముల క్షారత, ఒక మైక్రోగ్రాము సిప్రోఫ్లోక్సాసిన్ ఉన్న నీటిని తీసుకోండి. చర్యల వేగాలు పోల్చి చూస్తే, ఒక రాడికల్ మందును తాకేలోపు నాలుగు వేలకు పైగా బైకార్బొనేట్ పాలవుతాయి. మురుగులోని సేంద్రియ పదార్థం తినేది అదనం. డిస్టిల్డ్ వాటర్‌లో పది మిల్లీగ్రాముల మందు వేసి 95 శాతం పోయిందని చూపించే గ్రాఫులు ఇక్కడ బోల్తా పడతాయి.

ఇక కరెంటు. యంత్రం మీద రాసిన వాట్లు నమ్మకండి. నీటిలోకి చేరేది కొలవాలి. లీటరు నీరు నిమిషానికి 1.4 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంటే చేరుతున్నది సుమారు 98 వాట్లు. గంటసేపు నడిపితే లీటరుకు 0.1 యూనిట్, అంటే వెయ్యి లీటర్లకు 100 యూనిట్లు, అదీ యంత్రం లోపలి నష్టం కలపకుండా. 300 పడకల ఆస్పత్రికి పడకకు 450 లీటర్ల చొప్పున రోజుకు 1,35,000 లీటర్లు. యూనిట్ ఎనిమిది రూపాయలనుకున్నా రోజుకు లక్షా ఎనిమిది వేలు! బయలాజికల్ ట్యాంకు దాటి తేటపడిన నీటికి ఓజోన్ పెడితే వెయ్యి లీటర్లకు సాధారణంగా యూనిట్ లోపే అవుతుంది. మొత్తం మురుగుకు ఓజోన్ గానీ యాక్టివేటెడ్ కార్బన్ గానీ సరైనవి. అల్ట్రాసౌండ్‌ను ల్యాబు వ్యర్థాల వంటి కొన్ని వందల లీటర్ల చిక్కటి నీటికే ఉంచుకోవాలి. వార్డులో మిగిలిన మందు సీసాలకు (వైళ్లకు) అసలు ఏ యంత్రమూ అక్కర్లేదు. 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనల ప్రకారం అవి పసుపు సంచిలోకి పోవాలి, సింకులోకి కాదు.

యంత్రం కొనేముందు జార్ టెస్ట్ చేయించాలి. ఈటీపీలో సెటిలింగ్ దాటిన నీరు లీటరు చొప్పున నాలుగు జార్లు: ఏమీ వేయనిది, రసాయనాలు మాత్రమే, అల్ట్రాసౌండ్ మాత్రమే, రెండూ కలిపినది. రసాయనాలు వేసే జార్లలో మొదట సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో పీహెచ్ 3కి దించాలి. 400 క్షారత ఉంటే వెయ్యి లీటర్లకు దాదాపు 400 గ్రాముల యాసిడ్ దానికే పోతుంది. కార్బన్ డయాక్సైడ్ నురగ కడుతుంది కాబట్టి మెల్లగా పోయాలి. తర్వాత 250 మిల్లీగ్రాముల అన్నభేది, అంటే 50 మిల్లీగ్రాముల ఇనుము. చివర 30 శాతం పెరాక్సైడ్ 1.5 మిల్లీలీటర్లు, మూడు విడతలుగా. ఒకేసారి పోస్తే పెరాక్సైడే రాడికల్స్‌ను మింగేస్తుంది. జార్ల చుట్టూ ఐసునీళ్లు పెట్టి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలి. 40 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 25 దగ్గరకంటే రెట్టింపు దాటుతుంది. బుడగలో ఆవిరి నిండి మెత్తగా కూలుతుంది, వేడి పుట్టదు. మే నెలలో మన ట్యాంకుల సంగతి చెప్పక్కర్లేదు.

పావుగంటకోసారి తీసిన శాంపిల్‌లో వెంటనే సోడియం థయోసల్ఫేట్ వేసి చర్య ఆపాలి, లేకపోతే ల్యాబుకు చేరేదాకా సీసాలోనే సాగుతుంది. గంటయ్యాక సున్నంతో పీహెచ్ 8కి తెచ్చి ఇనుము బురదగా దిగేలా అరగంట తేరనివ్వాలి. మిగిలిన పెరాక్సైడ్‌ను స్ట్రిప్‌తో చూడాలి: ప్రతి మిల్లీగ్రామూ సీఓడీలో (నీటిలోని కాలుష్యాన్ని ఆక్సీకరించడానికి పట్టే ఆక్సిజన్ లెక్కలో) 0.47 మిల్లీగ్రాములుగా కనిపించి, శుద్ధి చేశాక సీఓడీ పెరిగినట్టు మోసం చేస్తుంది.

అసలు మోసం బురదది. సిప్రోఫ్లోక్సాసిన్ ఇనుప బురదకు గట్టిగా అంటుకుంటుంది. పైనీటిలో మందు కనిపించలేదంటే విరిగిందని కాదు, కింద దాక్కుని ఉండొచ్చు. బురదనూ, సూక్ష్మ మోతాదులను కొలిచే యంత్రమైన ఎల్‌సీ-ఎంఎస్ మీద పరీక్షించాలి. విరిగిన ముక్కలూ అమాయకమైనవి కావు. సిప్రోఫ్లోక్సాసిన్‌లో చాలాసార్లు ముందు విరిగేది అణువులోని పిపరజిన్ వలయం. క్వినొలోన్ వలయం మిగిలినంతసేపు కొంత మందు గుణం ఉండొచ్చు. ఇ.కోలై పెంచిన ప్లేటు మీద శుద్ధి చేసిన నీటి చుక్క పెట్టి, చుట్టూ బ్యాక్టీరియా పెరగని తేట వలయం వస్తుందో లేదో చూస్తే తెలుస్తుంది; వస్తే మందు గుణం ఇంకా ఉన్నట్టే. ఈ పరీక్షకు పెద్ద ఖర్చు లేదు, అయినా టెండర్లలో దీన్ని అడిగేవాళ్లు తక్కువ.

పర్‌సల్ఫేట్ పెరాక్సైడ్ కంటే నిల్వకు తేలిక. అయితే లీటరుకు గ్రాము వేస్తే 800 మిల్లీగ్రాముల సల్ఫేట్ మిగులుతుంది. తాగునీటికి గరిష్ఠంగా అనుమతించేదే 400. మూసిన డ్రైనేజీలోకి వదిలితే అది హైడ్రోజన్ సల్ఫైడ్‌గా మారి కాంక్రీటును తింటుంది. ప్రోబ్ టైటానియం కొన కూడా అరుగుతుంది, ఆ రేణువులు నీటిలోనే పడతాయి. దగ్గర పనిచేసేవాళ్లకు చెవి రక్షణ తప్పనిసరి.

ఫార్మా వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు హద్దులు పెడుతూ కేంద్ర పర్యావరణ శాఖ 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టు తుది నోటిఫికేషన్‌లో అవి లేవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 సెప్టెంబరులో యాంటీబయాటిక్ తయారీ కేంద్రాల వ్యర్థాలపై మార్గదర్శకాలిచ్చింది. చట్టంలో అంకె లేనప్పుడు టెండరులోనైనా ఉండాలి: ఫలానా మందును 90 శాతం తగ్గించడానికి వెయ్యి లీటర్లకు ఎన్ని యూనిట్లు, ఎంత రసాయనం, ఎంత బురద అన్నది కంపెనీ రాసివ్వాలి. పరీక్షకు వాడే నీరు ఆ ఆస్పత్రి ఈటీపీదే కావాలి, ఎండాకాలంలో తీసిందై ఉండాలి.

— రసాయన శాస్త్ర, నీటి శుద్ధి అధ్యాపకులు కొందరు, హన్మకొండ